పాలవెల్లికి ఏం కడదాం?

ఉగాది సంచికకి వంటల మీద ఏదైనా రాసి ఇమ్మని సంపాదకులు ఫోను చేశారు. "డాక్టర్లు కదా అని నూనె తగ్గించండి, ఉప్పు మానెయ్యండి అని మాత్రం రాయకండి. పోయినసారి అది చదివి సగంమంది మొహం మాడ్చుకున్నారు" అని ముందరికాళ్ళకి బంధం కూడా వేశారు. సరేనన్నాం. అంచేత ఈసారి తినే తిండి మాట కాక, వేలాడగట్టే తిండి మాట రాస్తున్నాం. అంటే పాలవెల్లి సంగతి.

ఉగాదినాడు వినాయక చవితి ముచ్చటేమిటండీ అని మీరు అడగవచ్చు. కారణం ఉంది, చివరిదాకా చదివితే తెలుస్తుంది. వచ్చేది పరాభవ నామ సంవత్సరం. పేరు చూసి జడుసుకునేవాళ్ళు జడుసుకోవచ్చుగాని మాకా భయం లేదు. మాకు జరగవలసిన పరాభవం 2023లోనే, వినాయకుడి ఎదురుగానే జరిగిపోయింది.

పాలవెల్లి ఎరగని పిల్లలు మనలో చాలామందే ఉన్నారు గనక ముందుగా నాలుగు మాటలు. సన్నని చెక్క పట్టీలతోనో వెదురు బద్దలతోనో గళ్ళు గళ్ళుగా చేసిన చదరపు చట్రం అది. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, నాలుగు మూలలా తాళ్ళు కట్టి వినాయకుడి తలమీదుగా వేలాడదీస్తారు. దానికి మామిడాకులు, మొక్కజొన్న పొత్తులు, వెలక్కాయలు, మారేడుకాయలు, సీతాఫలాలు, జామకాయలు, దానిమ్మలు పురికొసతో కడతారు. పాలసముద్రమని కొందరు, ఆకాశంలోని పాలపుంత అని కొందరు అర్థం చెబుతారు. ఏ అర్థం చెప్పుకున్నా, ఆ నెలలో ఆ ఊళ్ళో కాసిన కాయాకసరూ దేవుడి నెత్తిమీద ఆకాశమై నిలబడుతుంది. బొమ్మ గీయడం రానివాడు కూడా వేయగల చిత్రం అది. రంగులన్నీ పెరట్లోవే.

2023లో చవితి సెప్టెంబరు 18న, సోమవారం వచ్చింది. ఆ వారాంతంలో సంఘంవాళ్ళంతా హాలు అద్దెకి తీసుకుని పూజ పెట్టుకున్నారు. అలంకారం పని మా ఇంటికి అప్పజెప్పారు. మా ఇంట్లో ఇద్దరం డాక్టర్లమే. ఒకరికి పగటి డ్యూటీ అయితే ఇంకొకరికి రాత్రి డ్యూటీ. లెస్టరు వెళ్ళి బెల్‌గ్రేవ్ రోడ్డు దుకాణాలన్నీ తిరిగే తీరిక లేక, కూర్చున్నచోటినుంచే ఒక పెట్టెడు ప్లాస్టిక్కు పళ్ళు తెప్పించాం. మామిడిపళ్ళు, ద్రాక్షగుత్తులు, అరటిపళ్ళు, తోరణానికి ప్లాస్టిక్కు మామిడాకులు. పాలవెల్లి నిగనిగలాడింది. ఫొటోలు కూడా బాగా వచ్చాయి.

అప్పుడు మా నాన్నగారు కోనసీమనుంచి వచ్చి మా దగ్గర ఉన్నారు. జీవితమంతా వరీ కొబ్బరీ చేసిన మనిషి. పూజ మధ్యలో స్నేహితుల పిల్ల ఒకతె, ఆరేళ్ళది, ద్రాక్షగుత్తి లాగి కొరికి చూసి, ఉమ్మేసి, "తాతగారూ, ఇవి ఏ చెట్టుకి కాస్తాయి?" అని అడిగింది. నాన్నగారు మావంక చూపించి, "వాళ్ళనడుగమ్మా, వాళ్ళే కోసుకొచ్చారు" అన్నారు. హాలంతా నవ్వింది. మేమూ నవ్వాం.

ఇంటికి తిరిగి వస్తూంటే కారులో మళ్ళీ ఎత్తారు. "ప్లాస్టిక్కు మాట వదిలెయ్యండి, తీరిక లేకపోయింది, తెచ్చారు. ఎనిమిదేళ్ళనుంచి ఉంటున్నారు గదా ఈ ఊళ్ళో. ఇప్పుడిక్కడ ఏం కాస్తున్నాయి?" అన్నారు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. సూపర్‌బజారులో ఏడాది పొడుగునా అన్నీ కాస్తాయి! "పోనీ మీ గుమ్మానికెదురుగా ఎర్రకాయల చెట్టు ఉందే, దాని పేరేమిటి?" తెలియదు. రోజూ దాని కిందనే కారు పెడుతున్నాం, తెలియదు.

ఇంతకన్నా సిగ్గుపడవలసిన సంగతి ఇంకొకటి ఉంది. మా కంచె వారన నిలువెత్తు ఎండుకంకి ఒకటి నిలబడి ఉంటే నాన్నగారు దాన్ని పీకబోయారు. పక్కింటావిడ చూసి కేకేసింది. "అది ఫాక్స్‌గ్లవ్, జాగ్రత్త, విషం" అని. ఫాక్స్‌గ్లవ్ అంటే డిజిటాలిస్. కాకినాడలో చదువుకునే రోజుల్లో ఫార్మకాలజీ పరీక్షకి రాత్రులు మేలుకుని బట్టీపట్టిన మందు. విలియం విదరింగ్ అనే డాక్టరు బర్మింగ్‌హాంలో ఉండి, ఈ మొక్క ఆకు ఒంటికి పట్టిన నీటిని ఎలా తీస్తుందో రోగుల మీద పరిశీలించి, 1785లో పుస్తకం అచ్చు వేశాడు. బర్మింగ్‌హాం మా ఊరికి కారులో గంటన్నర లోపు దూరం. మందు మోతాదు నిద్రలో అడిగినా చెబుతాం. మొక్క మా కంచెలోనే పూసి ఎండిపోతే గుర్తుపట్టలేదు.

నాన్నగారు కసురుకోలేదు. "మన గన్నేరులాంటిదన్నమాట" అన్నారంతే. ఆ మాట అక్షరాలా నిజం. గన్నేరులో ఉన్న విషమూ, ఫాక్స్‌గ్లవ్‌లో ఉన్న మందూ ఒకే జాతివి, గుండె మీద పనిచేసేవి. హౌస్‌సర్జన్లుగా ఉన్న రోజుల్లో గన్నేరుపప్పు మింగి వచ్చినవాళ్ళ మంచాల పక్కన కూర్చుని నాడి లెక్కపెట్టిన రాత్రులు మాకు గుర్తున్నాయి. వినాయకుడి పూజలో వాడే ఇరవైయొక్క పత్రిలో ఆ గన్నేరూ ఉంది, ఉమ్మెత్తా ఉంది, జిల్లేడూ ఉంది. మూడూ విషాలే. చిన్నప్పుడు పత్రికి వెళ్ళినప్పుడు "ఇది దేవుడికి, నోట్లో పెట్టకు. ఇది నీకు, తిను" అని పెద్దవాళ్ళు చెబుతూ కోయించేవారు. అప్పుడది పూజ అనుకున్నాం. వృక్షశాస్త్రం మొదటి పాఠం అదేనని ముప్పయి దాటాక, ఇంకొక దేశంలో తెలిసింది.

ఆ నెలంతా నాన్నగారు మమ్మల్ని నడిపించారు. డ్యూటీ లేని సాయంత్రం ఒక వీధి చొప్పున. గుమ్మం ఎదుటి చెట్టు పేరు రోవన్ అని తెలిసింది. రేగుకంపలా ముళ్ళుండి ఎర్రని చిన్నకాయలు కాసే కంచెమొక్క హాథార్న్. కాలవగట్టు పొడుగునా అల్లుకుని నల్లగా పండి ఉన్నవి బ్లాక్‌బెర్రీలు. వీటిలో చాలా వాటికి చుట్టరికం ఉందని కూడా నేర్చుకున్నాం. ఆపిలు, రోవన్, హాథార్న్, బ్లాక్‌బెర్రీ, రేగుపండంత ఉండే డామ్సన్, అడవిగులాబీ కాయలయిన రోజ్‌హిప్‌లు, అన్నీ గులాబీ కుటుంబంలోవే. రెండవ ప్రపంచయుద్ధంలో నారింజపళ్ళు ఓడల్లో రావడం గగనమైపోతే, ఈ రోజ్‌హిప్‌లు ఏరించి పాకం కాయించి, విటమిను సి కోసం పసిపిల్లలకి పట్టించారు. ఆ కాయలు ఏరినవాళ్ళలో బడిపిల్లలు చాలామంది. ఈ దేశం కూడా ఒకప్పుడు కంచెలు చూసి బతికిందన్నమాట.

ఆ నడకల్లోనే పక్కవీధి పెద్దాయన ఒకరు పరిచయమయ్యారు. బొగ్గుగనిలో పనిచేసి రిటైరయినవారు. కౌన్సిలువాళ్ళు అద్దెకిచ్చే అలాట్‌మెంటులో ఆయనకో మడి ఉంది. ఇంగ్లీషు రాని మా నాన్నగారికీ తెలుగు రాని ఆయనకీ చిక్కుడుపాదు దగ్గర దోస్తీ కుదిరింది. అక్టోబరు మొదటి ఆదివారం తమ చర్చిలో హార్వెస్టు పండుగ ఉందని మమ్మల్ని పిలిచారు. పంట ఇంటికి వచ్చిన సంతోషం ఇక్కడ పాతదేగాని, ఇప్పుడు చర్చిల్లో జరుపుకునే తీరు కార్న్‌వాల్‌లోని మార్విన్‌స్టో అనే ఊళ్ళో రాబర్ట్ స్టీఫెన్ హాకర్ అనే పాస్టరు 1843లో మొదలుపెట్టినది. వెళ్ళాం. బల్లనిండా గుమ్మడికాయలు, ఉల్లిపాయలు, ఆపిళ్ళు. మధ్యలో ఒక పెద్ద రొట్టె. గోధుమపన ఆకారంలో, కంకీ కంకీ విడివిడిగా కనబడేలా పిండితో మలిచి కాల్చినది. ఆ పన కాడలమీద పిండితోనే చేసిన చిన్న ఎలుక పాకుతోంది.

ఎలుకని చూసేసరికి నాన్నగారి ఆనందం చెప్పనలవి కాదు. "చూశారా, మనం ప్లాస్టిక్కు పెట్టామని కోపం వచ్చి, ఆయన వాహనం ఇక్కడికి వచ్చేసింది" అన్నారు. పెద్దాయనకి తర్జుమా చేసి చెబితే ఆయన కూడా కడుపుబ్బ నవ్వారు. ఆ రొట్టెమీద ఎలుక పెట్టడం ఇక్కడి రొట్టెలవాళ్ళ పాత ఆనవాయితీ. పొలంలో ఎలుక వాటా ఎలుకది అని ఒప్పుకున్నట్టు మాకనిపించింది.

గోడకి గోధుమగడ్డితో జడలు అల్లిన బొమ్మలు కూడా కట్టారు. వాటిని కార్న్ డాలీలంటారు. పూర్వం చివరి పన కోసినప్పుడు ఆ కంకులతో ఇది అల్లి, పంటతల్లి అందులో తలదాచుకుంటుందని చలికాలమంతా ఇంట్లో ఉంచి, వసంతంలో దున్నేటప్పుడు మళ్ళీ చాల్లో వేసేవారట. నాన్నగారు దగ్గరికి వెళ్ళి వేలితో తిప్పి చూసి, "మన వరికుచ్చులేరా ఇవి" అన్నారు. మీలో గోదావరి జిల్లాలవాళ్ళకి చెప్పనక్కర లేదు. కోతలప్పుడు వరికంకులని జడలా అల్లి కుచ్చు కట్టి చూరుకీ, గుడి మండపానికీ వేలాడదీస్తారు. అందానికి అందం, పిచ్చుకలకి తిండి. పండుగ అయ్యాక పెద్దాయన ఒక గుప్పెడు గోధుమకంకులు ఇస్తే, నాన్నగారు మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని కుచ్చు అల్లి చూరుకి కట్టారు. ఇళ్ళ పిచ్చుకలు బ్రిటనులో తగ్గిపోయి 2002 నుంచీ ప్రమాదపు జాబితాలో ఉన్నాయి. అయినా నాలుగోనాటికి రెండు వచ్చాయి.

ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాం. బియ్యప్పిండితో ముగ్గు వేస్తే తెల్లారేసరికి చీమలు తినిపోతాయి. చెరిగిపోయిందని ఎవరూ ఏడవరు, అందుకే వేసేది. తెలంగాణాలో బతుకమ్మ తొమ్మిదిరోజుల్లో ఏడోనాడు వేపకాయల బతుకమ్మ. బియ్యప్పిండిని అచ్చం వేపకాయల్లా మలిచి నూనెలో వేయించి నైవేద్యం పెడతారు. తినలేని చేదుకాయ రూపాన్ని తినే పిండికిచ్చి, చెట్టుకి దణ్ణం పెట్టడం అది. మా ఊరికి దగ్గరే, డర్బీషైరులో టిస్సింగ్‌టన్ అనే పల్లె ఉంది. అక్కడ బావులకి అలంకారం చేసే ఆనవాయితీ ఉంది. పలకలమీద తడిబంకమన్ను మెత్తి, పూరేకులు, ఆకులు, గింజలు ఒక్కొక్కటే ఒత్తి బొమ్మలు తీర్చి, నీళ్ళిచ్చినందుకు బావి దగ్గర నిలబెడతారు. కొద్దిరోజులకి వాడిపోతాయి, తీసేస్తారు. వీటన్నిటిలో మాకు కనిపించింది ఒకటే. తిండిని చూడచక్కని వస్తువుగా చేసి కాసేపు మన కడుపుకి దూరంగా పెడితే, అది ఎవరిచ్చారో, ఎవరితో పంచుకోవాలో అప్పుడు తోస్తుంది. ప్లాస్టిక్కు వాడదు, చీమ తినదు, ఏ చెట్టుకీ కాయదు. అంచేత దేన్నీ గుర్తుచెయ్యదు.

నాన్నగారు నవంబరులో వెళ్ళిపోయారు. 2024లో పండుగ సమావేశం జరిగినప్పుడు, "ఈసారి పాలవెల్లికి ఇక్కడ కాసినవే కడదాం" అని మేము ప్రతిపాదించాం. సభ రెండుగా చీలింది. "వినాయకుడికి పుల్లాపిలు కాయలేమిటండీ? రేపు కుడుముల బదులు కేకు పెడదామంటారు" అన్నారు ఒక పెద్దాయన. మేము గౌరవించే మనిషి, మాకన్నా ముప్పయ్యేళ్ళు ముందు ఈ దేశం వచ్చి, మనవాళ్ళు పదిమంది కూడడమే గగనమైన రోజుల్లో పూజలు చేయించినవారు. ఆయన బాధ మాకు అర్థమయింది. ఒకటొకటే వదులుకుంటూ పోతే చివరికి మిగిలేదేమిటని ఆయన భయం. ఇంకొకరు, "ఇండియానుంచి తెప్పిస్తే పోలా" అన్నారు. అదీ అంత సులువు కాదు. పండుఈగలు కనబడ్డాయని 2014 మే 1 నుంచి యూరపువాళ్ళు మన మామిడిపళ్ళతోబాటు వంకాయ, చేమ, కాకర, పొట్లకాయలని కూడా ఆపేశారు. అప్పుడు బ్రిటను అందులోనే ఉంది. మామిడికి 2015లో గాని విముక్తి దొరకలేదు. తెప్పించడం మీద ఆధారపడిన పండుగ ఈగ కనబడితే ఆగిపోతుంది.

అప్పుడు మేము వేసిన ప్రశ్న ఇది: మన పాలవెల్లికి తప్పకుండా ఉండాలనే మొక్కజొన్న పొత్తు ఎక్కడిది? అమెరికా ఖండానిది. 1492లో కొలంబసు అక్కడికి వెళ్ళిన తరువాతనే తక్కిన ప్రపంచానికి తెలిసింది. జామ కూడా అక్కడిదే, సీతాఫలం కూడా అక్కడిదేనని వృక్షశాస్త్రజ్ఞులు చెబుతారు. ఉగాది పచ్చడిలో వేసే మిరపకాయ కూడా అక్కడిదే. ఇటలీ చిత్రకారుడు ఆర్చిమ్‌బోల్డో పళ్ళూ కూరలూ పేర్చినట్టుగా మనిషి మొహాలు వేసేవాడు. 1563లో ఆయన వేసిన వేసవి బొమ్మలో చెవి ఉండవలసిన చోట మొక్కజొన్న పొత్తు ఉంది. ఆ బొమ్మ ఇప్పుడు వియన్నా మ్యూజియంలో ఉంది. యూరపుకి అప్పటికి కొత్తపంట అది. మన ముత్తాతలకి కూడా ఒకనాడు కొత్తపంటే. పరాయి పొత్తు ఎందుకని వాళ్ళు అవతల పారెయ్యలేదు. మన చేలో కాసింది గనక మన దేవుడి మీద కట్టారు. అంటే వాళ్ళు మనకిచ్చినది కాయల జాబితా కాదు, చుట్టూ చూసే అలవాటు. చూడడం మానేసి జాబితా మాత్రం పట్టుకుంటే, ప్లాస్టిక్కులో కూడా జాబితా పూర్తిగానే ఉంటుంది.

పెద్దాయన కాసేపు ఆలోచించి, "పత్రి సంగతేమిటి మరి?" అన్నారు. దానికీ సిద్ధపడే వెళ్ళాం. ఇరవైయొక్క పత్రిలో దేవదారు ఒకటి. 1831లో హిమాలయాలనుంచి ఇంగ్లండుకి వచ్చి, ఇప్పుడు ఎన్నో పార్కుల్లో మానులై నిలబడి ఉంది. మనకన్నా ముందు వచ్చిన వలసమనిషి! మరువం సూపర్‌బజారులో కుండీలో దొరుకుతుంది. దానిమ్మనీ జాజినీ కుండీల్లో పెంచుకునేవాళ్ళు మన సంఘంలోనే ఉన్నారు. మాచిపత్రికి దగ్గర చుట్టం మగ్‌వర్ట్ రైలుకట్టల వెంబడి ఊరికే మొలుస్తుంది. "అయితే కొబ్బరికాయా, మామిడాకుల తోరణమూ మాత్రం ఎప్పటిలాగే ఉండాలి" అన్నారాయన. ఒప్పుకున్నాం. అలా రాజీ కుదిరింది.

2024లో చవితి సెప్టెంబరు 7న, శనివారం. ముందునాడు పిల్లలందరినీ వెంటబెట్టుకుని బుట్టలతో బయలుదేరాం. కట్టినవి ఇవీ: పెద్దాయన మడిలో కాసిన మొక్కజొన్న పొత్తులు, చిక్కుడుకాయలు, చిన్న గుమ్మడికాయ. కంచెలోనుంచి రోవన్ గుత్తులు, హాథార్న్, అడవి ఆపిళ్ళు, డామ్సన్లు, హేజెల్ కాయలు. గోధుమ, బార్లీ కంకులు. నడిమధ్యని ఒక బ్రామ్లీ ఆపిలు. బ్రామ్లీకి మధ్యస్థానం ఎందుకంటే, అది మా జిల్లా ఆడపడుచు. నాటింగ్‌హాంషైరులో సౌత్‌వెల్ అనే ఊళ్ళో 1809లో మేరీ ఆన్ బ్రెయిల్స్‌ఫోర్డ్ అనే చిన్నపిల్ల నాటిన గింజే మొదటి చెట్టు. తరువాత లోకమంతా ఉన్న బ్రామ్లీ చెట్లన్నీ దాని అంట్లే, మన బంగినపల్లి అంట్లలాగే. మామిడికాయ దొరకనప్పుడు పప్పులోకీ పులిహోరలోకీ మనవాళ్ళు వేసేది ఆ పుల్లకాయే గదా! మన వంటింట్లో అది ఏనాడో మామిడికి తోబుట్టువయింది. పాలవెల్లి ఎక్కడానికే ఆలస్యమయింది.

ఇక డాక్టర్లం గనక ఒక హెచ్చరిక. ఇది ఉప్పూ నూనె సంగతి కాదు గనక సంపాదకులు క్షమిస్తారు. తెలియని కాయ కోయకండి, కోసినా పిల్లల నోటికి అందనివ్వకండి. యూ చెట్టు ఎర్రకాయలోని గింజ ప్రాణాంతకం, దాన్ని పాలవెల్లికి అసలే కట్టకండి. నీడలో నేలమీద ఒకే కాడకి గుత్తిగా నారింజరంగు కాయలు కాసేది కుకూపింట్. మన కందచేమల కుటుంబమే. కొరికితే పచ్చికందకి వందరెట్లు గొంతు పట్టేస్తుంది. నల్లగా నేరేడుపండులా నిగనిగలాడే డెడ్లీ నైట్‌షేడ్‌లో ఉన్నది మన ఉమ్మెత్త జాతి విషమే. రోవన్ కాయలు కూడా పచ్చివి తినకూడదు. చట్టం మాట కూడా చెప్పాలి. ఇంగ్లండు, వేల్సుల్లో దానంతటది పెరిగిన మొక్కనుంచి కాయా ఆకూ పువ్వూ అమ్ముకోవడానికి కాక మన వాడకానికి కోసుకుంటే 1968 దొంగతనాల చట్టం కింద అది దొంగతనం కాదు. కాని నేల సొంతదారుని అడగకుండా మొక్కని వేళ్ళతో పీకడం 1981 చట్టం ప్రకారం నేరం. ఒక చెట్టుకి ఒక గుత్తికి మించి కోయకండి. తక్కినవి చలికాలంలో పిట్టలకి కావాలి.

2025లో చవితి ముందుగా, ఆగస్టు 27నే వచ్చింది. పదకొండు రోజుల తేడా. "ఇంకా ఏం పండుతాయి, ఆకులే కట్టాలి కాబోలు" అనుకున్నాం. తీరా వెళ్ళి చూస్తే హాథార్న్ అప్పటికే ఎర్రబడింది. బ్లాక్‌బెర్రీలైతే మా కాలవగట్టున జూలైలోనే నల్లబడి, చవితినాటికి ఎండిపోవడం మొదలెట్టాయి. ఆ ఏటి వేసవి బ్రిటనులో లెక్కలు రాయడం మొదలెట్టిన తరువాత వచ్చిన వేసవులన్నిటిలోకీ వేడిదని తరువాత వాతావరణశాఖవారు ప్రకటించారు. పండుగ ముందుకి వచ్చింది, పంట ఇంకా ముందుకి వచ్చింది. పాలవెల్లి నిండిందని సంతోషించాలో, ఎందుకు నిండిందని దిగులుపడాలో తెలియలేదు. ప్లాస్టిక్కు పళ్ళు ఉండి ఉంటే ఈ సంగతి మాకు తెలిసేదే కాదు. అవి ఏ ఏడైనా ఒకేలా పండుతాయి.

మీలో కొందరికి ఒక సందేహం రావచ్చు. అన్నీ ఇక్కడివే అయితే, ఉగాది పచ్చడిలోకి వేపపువ్వు మాటేమిటి? వేప ఈ చలికి బయట బతకదు. చేదుకోసం ఇక్కడి డాండిలైన్ ఆకు వేసుకోమంటారా అని ఒకావిడ వేళాకోళం చేశారు కూడా. లేదండీ. మా ఇంట్లో వేపపువ్వు నాన్నగారు ఎండబెట్టి పొట్లం కట్టి పంపినదే. మేము దాన్ని మార్చలేదు, మార్చబోము. మామిడిముక్క బదులు బ్రామ్లీ ముక్క వేస్తాం, వేపపువ్వు మాత్రం పొట్లంలోదే. ఎందుకంటే పచ్చడి గుటక వేసేది, అది మనం ఎక్కడినుంచి వచ్చామో నాలుకకి చెబుతుంది. పాలవెల్లి తలెత్తి చూసేది, అది మనం ఎక్కడ ఉన్నామో కంటికి చెబుతుంది. ఒకటి ఉంచుకుని రెండోది వదిలేస్తే, ఎనిమిదేళ్ళున్నా ఎనభయ్యేళ్ళున్నా మనం ఈ ఊళ్ళో చుట్టపుచూపుగా ఉన్నట్టే. మన పిల్లలకి ఇది చుట్టపుచూపు ఊరు కాదు గదా, పుట్టిన ఊరు.

ఇప్పుడు ఉగాదినాడు చవితి మాట ఎందుకెత్తామో చెబుతాం. 2026లో అధిక జ్యేష్ఠం వచ్చినందువల్ల చవితి సెప్టెంబరు 14న పడింది. నాడు పాలవెల్లికి కట్టవలసిన గుమ్మడికాయకి గింజ ఏప్రిలులోనే కిటికీ దగ్గర కుండీలో వేయాలి. మొక్కజొన్న కూడా అప్పుడే. మే నెలాఖరుకి మంచు భయం పోయాక బయట నాటాలి. మొక్కజొన్నని ఒకే వరసలో నాటకండి, నాలుగు వరసలు చదరంగా నాటండి. గాలికి పుప్పొడి పక్క మొక్కమీద పడితేనే పొత్తు నిండుతుంది. పొడుగుచిక్కుడు మే మధ్యలో నేరుగా నేలలోనే వేయవచ్చు. పెరడు లేనివాళ్ళు కౌన్సిలులో అలాట్‌మెంటుకి పేరు రాయించుకోండి. అడిగినవాళ్ళకి మడులు సమకూర్చమని 1908లోనే చట్టం చేశారు. వరస ఆలస్యంగా వస్తుంది, ఓపిక పట్టాలి. మేము ఇప్పుడు పెద్దాయన పక్కనే సగం మడి చేస్తున్నాం. పోయినేడు గుమ్మడి ఒక్కటే కాసింది, నత్తలు తినగా మిగిలింది. వాటి వాటా వాటిదని సరిపెట్టుకున్నాం.

2025 పూజనాడు నాన్నగారికి వీడియో ఫోను చేసి పాలవెల్లి చూపించాం. మోకాళ్ళ నొప్పులతో ఆయనింక విమానం ఎక్కలేరు. "పేర్లు చెప్పమనండి అమ్మడిని" అన్నారు. ఆనాడు ప్లాస్టిక్కు ద్రాక్ష కొరికిన పిల్ల, ఇప్పుడు ఎనిమిదేళ్ళది, ముందుకొచ్చి ఒక్కొక్క కాయనీ వేలితో చూపించి చెప్పింది. "ఇది రోవన్, తాతగారూ. ఇది హాథార్న్. ఇది డామ్సన్. ఇది తినకూడదు, ఇది తినచ్చు." ఆయన ఒక్కొక్కటే తిరిగి అంటున్నారు. రోవను, హాతారను, డాంసను. నోరు తిరగడం లేదు. అయినా వదలలేదు. చివరికి, "అన్నీ బాగున్నాయమ్మా, ఆ నల్లది పులుపా, వగరా?" అని అడిగారు.

అది చూసి చెప్పడానికి ఆ పిల్ల పాలవెల్లినుంచి ఒక డామ్సన్ తెంపి నోట్లో వేసుకుంది. పూజ ఇంకా పూర్తి కాలేదు. పూజ చేయిస్తున్న పెద్దాయన చూశారుగాని ఏమీ అనలేదు.

మీ ఊళ్ళలో ఏమి కాస్తున్నాయో, వాటిని మీరు తెలుగులో ఏమని పిలుచుకుంటున్నారో రాసి సంపాదకులకి పంపండి. స్కాట్లండు, వేల్సువాళ్ళు తప్పకుండా రాయాలి. జాబితా చవితి సంచికలో వేద్దాం.